బనీను వేస్టు పొగ

ఇదంతా శుక్రవారం ఉదయం ఏడూ పదికి మొదలైంది. నరసరావుపేటలో మా ఇంటి వసారాలో, గుంటూరులో ఎమ్మెస్సీ చదువుతున్న మనవరాలు నా మోచేతి మడతలో సూది గుచ్చిన సమయం అది. కాలేజీలో ప్రయోగానికి రెండు నెత్తుర్లు కావాలంది. ఒకటి లారీలు బాగుచేసే షెడ్డులో ముసలివాడైన వాళ్ల తాతది. పోల్చి చూడటానికి ఇంకొకటి, ఏనాడూ షెడ్డు గడప తొక్కని నాది.

"నీది మంచి నెత్తురు నానమ్మా. దాని పక్కన పెడితేనే తాత సంగతి తేలేది."

"నాది గ్రీజు కలిసిన నెత్తురు. సూది జిడ్డవుద్ది, చూసుకో," అన్నాడు మా ఆయన.

ఆదివారం తిరిగి వచ్చింది. అన్నం ముందు పెడితే కలుపుతూ కూర్చుంది.

"ఏందే, చెప్పు."

"నెత్తుట్లో తెల్లకణాలు క్రిమి తగిలితే ఫ్రీ రాడికల్స్ అని, నిప్పురవ్వల్లాంటివి వదిలి దాన్ని చంపుతాయి. పని కాగానే ఆపాలి. కాలిన ఆయిల్లో, దాని పొగలో క్యాన్సర్ తెచ్చే రసాయనాలు ఉంటాయి. అవి కణాల్ని ఊరికే రెచ్చగొడతాయి. అప్పుడు క్రిమి లేకపోయినా వదులుతూనే ఉంటాయి. మన ఒంటినే కాలుస్తాయి."

"మీ తాతవి అట్టా ఉన్నాయా?"

"ఉన్నాయి." ముద్ద కంచంలోనే వదిలేసింది. "నీవీ అంతే నానమ్మా."

"నేను షెడ్డుకే పోలేదు కదే!"

మనవరాలు పెరటి వైపు చూసింది. నేనూ చూశాను. నీళ్లకాగు కింద పొయ్యి ఇంకా పొగ వదులుతోంది. ఇంజన్లు తుడిచి, కాలిన ఆయిలు పీల్చిన బనీను వేస్టు గుడ్డపీలికల్ని మా ఆయన రోజూ సంచిలో వేసుకుని ఇంటికి తెస్తాడు. గుప్పెడు పొయ్యిలో వేస్తే తడిసిన పత్తికట్టె కూడా భగ్గున అంటుకుంటుంది. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో స్నానాల నీళ్లు అలాగే కాగాయి.

"ఒక్కసారి చేసిన పరీక్ష ఇది, అందులోనూ నేర్చుకునేదాన్ని నేను చేసింది. జబ్బని కాదు. డాక్టరుకు చూపిద్దాం," అంది. గొంతు మాత్రం ఆ మాటల్ని నమ్మినట్టు లేదు.

నాకు మరొకటి తట్టింది. చలికాలం పొద్దున్నే, ఈ పిల్ల బడికి వెళ్లేముందు ఆ పొయ్యి ముందే మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. తడిజుట్టు నేను ఆ సెగకే ఆరబెట్టేదాన్ని.

"నీది చూసుకున్నావా?"

"తీశాను. మెషిన్లో పెట్టలేదు."

"ఎందుకే?"

"భయమేసింది నానమ్మా. పారబోశా."

అది విని మా ఆయన సంచి తీసుకెళ్లి వీధి చివర పడేసి వచ్చాడు. అప్పటి నుంచి అందరం చన్నీళ్లే పోసుకుంటున్నాం. డాక్టరు మా ఇద్దరినీ చూశాడు, ఇంకా ఏదీ తేల్చలేదు. పిల్ల మాత్రం డాక్టరు దగ్గరకు రానంటోంది.

ఇంతవరకు పోయినవి: పాత సామాన్లవాడికి వేసిన కాగు ఒకటి. నాది మంచి నెత్తురన్న మాట ఒకటి. చూడకుండా పారబోసిన నెత్తురు, ఒక గొట్టం.