కాళ్లకి నీళ్లడిగిన మా మైకు బావ

కొండ కాలనీ వాసులకు ముఖ్య గమనిక.

గేటు కాడ బల్లకి కొత్తగా రంగేసినాం. ఇంకా ఆరలేదు. ఎవరూ కూకోవద్దు. కూకున్నోళ్ల పంచెలకి అసోసియేషన్ పూచీ లేదు.

ఇలాటి కబుర్లు రోజూ పొద్దున్నే మైకులో సెప్పీవోడు మా అప్పలనాయుడు బావ.

నిన్న పోనాడు.

మా అప్ప, అదే నా తోడబుట్టినాది, ఫోన్ చేసి, "మీ బావ లెగడం లేదురా" అన్నాది.

"మైకు తీసుకెళ్లి సెవిలో అరిసెయ్, ఆయనే లెగుస్తాడు" అన్నాను.

ఆయన మీద ఎప్పుడూ అలాగే కదా నా మాట.

"నువ్వు బేగి రారా" అన్నాది అప్ప.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

తెలీనోళ్ల కోసం సెప్తన్నాను. గజపతినగరం దాటి, ఘాటీ ఎక్కితే మా కాలనీ వస్తాది. కింద లైను మాది. అరవైల ఆకర్లో మా నాన్నలు కట్టుకున్న పెంకుటిళ్లు. పై లైను తరవాత వచ్చినాది. విజయనగరం, శ్రీకాకుళంలో పెద్ద ఉద్యోగాలు సేసి రిటైరైనోళ్ల మేడలు, టూరిస్టులకి అద్దెకిచ్చే కాటేజీలు.

రెండు లైన్లకీ ఒకటే కొండ ఊట, ఒకటే ట్యాంకు, ఒకటే అసోసియేషన్. బస్సు కండక్టరుగా రిటైరైన మా బావ దానికి సెక్రటరీ. అందుకే ఆ గొంతు. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిసి అరిసి వచ్చిన గొంతు.

ఆయనకి ఒకటే బెంగ. ఈ అసోసియేషన్ రెండు ముక్కలవకూడదు.

ఈ ఆదివారం మీటింగులో తేలాల్సింది అదే. కాటేజీలోళ్లకి ఏరే అసోసియేషన్ కావాలని పై లైనోళ్లు కాయితం పెట్టినారు. ఆ బెంగతో బావ అన్నం కూడా సరిగ్గా తినేవోడు కాదని అప్ప అంటన్నాది.

ఇది కొత్త గొడవేటీ కాదు.

ఎనకటికి ఒక ఎండాకాలం, ముక్కలు సేద్దామన్నది మేమే. ట్యాంకు వాల్వు పై లైను ఇంజినీరు గారి కాంపౌండులో ఉంటాది. ఆళ్ల పచ్చగడ్డికీ, కాటేజీల షవర్లకీ పోగా మాకు మిగిలింది గాలి. కుళాయి తిప్పితే ఈలేసేది.

"ఏరే అసోసియేషన్ పెట్టీసుకుందాం" అని అందరికంటే గట్టిగా అరిసింది నానే.

బావ మైకు పక్కనెట్టీసి, మామూలు గొంతుతో అన్నాడు. "ఏరే పడితే ఆ వాల్వు పూర్తిగా ఆళ్లదైపోద్దిరా. ఇప్పుడైతే ఎల్లి అడగడానికి మనకో మొకమున్నాది."

తరవాత మా లైనులో సూరమ్మ పిన్ని దగ్గరకెల్లి, "పిన్నీ, నీ కన్నోరిదీ, ఇంజినీరు గారి కోడలిదీ ఒకటే ఊరు కదేటి" అన్నాడు.

మా వైపు ఆడపిల్లని ఇచ్చిన ఊరు ఊరంతా వియ్యపోరే కదా. వియ్యపోరు గుమ్మంలోకి వస్తే ముందు కాళ్లకి నీళ్లు, ఆ తరవాతే మాట.

మర్నాడు పొద్దున్న సూరమ్మ పిన్నిని ముందెట్టుకుని కింద లైను మొత్తం ఇంజినీరు గారి వరండా ముందు నిలబడ్డాం.

"ఏంటి నాయుడూ, ఏం పని?" అన్నారాయన.

"పనేటీ లేదు బావగారూ. వియ్యపోరు వచ్చినారు."

అని, బావ సెప్పులిప్పి కాళ్లు ముందుకెట్టినాడు.

ఇంజినీరు గారికి అర్థం కాలేదు. ఆయన భార్యకి అర్థమైనాది. గబగబా సెంబుతో నీళ్లు తెచ్చినాది. ఆ తల్లి సెంబు నింపడం, మేం కాళ్లు కడగడం. మళ్లీ నింపడం, మళ్లీ కడగడం.

"ఇంకా ఎంతమంది అన్నయ్యా?" అని అడిగినాది.

"గేటు బయట ఉన్నారు సెల్లెమ్మా. ముసిలోళ్లు, మెల్లిగా ఎక్కుతన్నారు."

రెండో రోజూ ఎల్లినాం. ఈసారి బురద కాళ్లతో.

ఇంజినీరు గారు పకపకా నవ్వీసి, "గెలిచావయ్యా నాయుడూ" అని వాల్వు తిప్పీసినారు.

ఆ తరవాత బావ పట్టుబట్టి రూలు రాయించినాడు. పొద్దున్న నీళ్లు కింద లైనుకి, మద్దేనం పై లైనుకి. ఎండాకాలం గడ్డికి బంద్. ఆ రూలు ఇప్పటికీ నడుస్తన్నాది.

నిన్న దహనానికి రెండు లైన్లోళ్లూ వచ్చినారు. తిరిగొస్తంటే ఇంజినీరు గారు కర్ర పొడుసుకుంటా నా పక్కకొచ్చినారు.

"ఆ కాయితం మీద మొదటి సంతకం నాదే. పొద్దున్న దాని మీద గీత పెట్టి కొట్టేసి వచ్చాను" అన్నారు.

నాను ఆయన సెయ్యి పట్టుకుని నడిపించినాను.

"మిగతావాళ్లు ఏం చేస్తారో నాకు తెలీదు" అన్నారు.

నాకూ తెల్దు. అందుకే ఇది రాస్తన్నాను. ఆదివారం రెండు లైన్లోళ్లూ రండి. ఏటి సెప్పాలన్నా ఒకరి మొకం ఒకరు సూసి సెప్పుకుందాం.

ఇంక నిజాలు.

బల్లకి రంగు అన్నది అబద్ధం. గేటు కాడ మనకి బల్లే లేదు.

బురద కాళ్లు అబద్ధం. నీళ్లే లేని ఎండాకాలంలో బురదెక్కడిది? రెండో రోజు అసలు ఎల్లనే లేదు.

ఇంజినీరు గారు నవ్వినారన్నదీ నా కల్పనే. మొదటి రోజు మేం కాళ్లు కడుక్కున్నాక ఆయన లోపలికెల్లి తలుపేసుకున్నారు. మేం బిక్కమొకాలేసుకుని దిగొచ్చినాం. ఆ మద్దేనానికే కుళాయిల్లో నీళ్లొచ్చినాయి.

మా అప్పతో నాను ఫోన్‌లో అన్న మాట నిజం. ఇంజినీరు గారు తన సంతకం మీద గీత పెట్టి కొట్టీసిన మాట నిజం.

ఎల్లిరా బావా. సానా అరిసినావు. ఇంక నిమ్మళంగా పడుకో.