పద్మ జుట్టు విప్పిందెవరు

మా అమ్మమ్మ, మా నానీ, జిన్నుల సంగతులు చెప్తుంటే పగలబడి నవ్వి తిట్లు తిన్న మనిషిని నేను. నర్సుగా చేరాక ఆ నవ్వు ఇంకా ముదిరింది. శవాన్ని ఉంచిన గది పక్కనే టిఫిన్ డబ్బా విప్పి తిన్నాను. 'గాలి సోకింది' అని మోసుకొచ్చిన ప్రతి మనిషికీ మా దగ్గర ఏదో ఒక జబ్బు బయటపడేది. ఇప్పుడు చెప్పేది మీరు నమ్మాలని నాకేం పట్టింపు లేదు. నేనైతే ఒక్క ముక్క కూడా కలపడం లేదు.

మాది నాగర్‌కర్నూల్, నాన్నకు చెప్పుల దుకాణం. నేను వనపర్తి జిల్లాలో ఒక మండలం దవాఖానలో పనిచేస్తాను. అది పత్తికి మందు కొట్టే కాలం. మేం అన్నాలకు లేస్తున్న వేళ ఒక ఆటో వచ్చి ఆగింది. వీపనగండ్ల దిక్కు పల్లె నుంచి పద్మ అనే పిల్లను తెచ్చారు. పెళ్ళై ఏడాది కూడా కాలేదట. వెంట అత్త బుచ్చమ్మ ఒక్కతే ఉంది. ఎండదెబ్బ అని ఆమె ఏడుస్తోంది.

ఎండదెబ్బ కాదని చూడగానే తెలిసింది. నోటి నిండా చొంగ, ఒళ్ళంతా చెమట, ఛాతీలో గురగుర. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప సూదిమొనంత అయిపోయింది. పురుగుల మందు ఒంట్లోకి పోతే మనిషి ఇలాగే అవుతుంది. తాగిందా అని డాక్టరమ్మ అడిగితే బుచ్చమ్మ గుండెలు బాదుకుంది.

"తాగలే బిడ్డా, నా కోడలు గసోంటిది కాదు. చేను కాడికి మందు డబ్బా మోస్కపోయింది, గంతే. దించేటప్పుడు జర భుజం మీద వలికింది."

ఆ మందు తాగనక్కర్లేదు, తోలు మీద పడినా ఒంట్లోకి ఎక్కుతుంది. పద్మను గోడ పక్క మంచం మీద వేశాం. డాక్టరమ్మ విరుగుడు సూది మొదలుపెట్టింది. నేను గ్లౌజులు తొడుక్కుని, తడిసిన బట్టలు కత్తిరించి తీసి, సంచిలో వేసి మూతికట్టి బయట పెట్టించాను. కిటికీలన్నీ తెరిచి సబ్బునీళ్ళతో ఒళ్ళు కడిగాను. తల దగ్గరికి వచ్చేసరికి బుచ్చమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

"నెత్తికి పొయ్యకు సిస్టరమ్మా, నీ కాల్మొక్త. నా కొడుకు పొద్దుగాలనే బొంబాయి బస్సెక్కిండు."

మనిషి ఊరికి బయల్దేరిన రోజు ఆ ఇంటి ఆడవాళ్ళు తలకు పోసుకోరు. శవాన్ని పంపిన ఇంట్లో చేసే పని అది. మా ముస్లింల ఇళ్ళల్లో ఈ పట్టింపు లేదు గానీ, ఈ గడ్డమీద పుట్టినదాన్ని, నాకు తెలియనిది కాదు. మందు పడింది భుజం మీదే అంటోంది కదా అనుకున్నాను. కొప్పు కొబ్బరినూనెతో నిగనిగలాడుతోంది. వదిలేశాను.

సూది పడ్డాక ఛాతీ తేలికైంది. పద్మ కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. హమ్మయ్య అనుకున్నామో లేదో, మళ్ళీ గురగుర. మళ్ళీ సూది వేస్తే తేరుకుంది, మళ్ళీ మునిగిపోయింది. వనపర్తికి పంపుదామంటే అంబులెన్సు వేరే కేసు మీద పోయింది. విరుగుడు సీసాలు అయిపోవస్తున్నాయి. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

"ఇంకా ఎక్కడో మందు ఉంది, లేకపోతే ఇట్ల ఎందుకు పడిపోతది? అంతా కడిగినవా?" అంది.

కడిగానన్నాను. అంటూనే చూశాను, పద్మ కొప్పు విడిపోయి ఉంది. జుట్టు మంచం తలాపు మీంచి నేలదాకా వేలాడుతోంది. ఆక్సిజన్ గొట్టానికి చుట్టుకుంటుందని విసుక్కుంటూ గాజుగుడ్డ పేలికతో కట్టాను. సీసా తేవడానికి బీరువా దాకా పోయి వచ్చేసరికి మళ్ళీ విడిపోయి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఊకూకె జుట్టు ఎందుకు ఇప్పుతున్నవ్ పెద్దమ్మా?" అని అరిచాను.

"నేనేడ ఇప్పిన తల్లీ? నా చేతులు దాని కాళ్ళ మీదనే ఉన్నయ్."

నిజమే, ఆమె కోడలి అరికాళ్ళు రుద్దుతోంది. పద్మ ఒక చేతికి సెలైన్ ఉంది, రెండో చెయ్యి ఎత్తే శక్తి లేదు. ఈసారి పేలికను బిగించి ముడి మీద ముడి వేశాను. కత్తెర లేకుండా ఎవరు విప్పుతారో చూద్దామని అక్కడే నిలబడ్డాను. డాక్టరమ్మ పిలిస్తే ఒక్కసారి తల తిప్పాను. అంతే, బుచ్చమ్మ "ఓ యమ్మో!" అని కేక పెట్టింది.

జుట్టు మళ్ళీ కిందికి జారి ఉంది. పేలిక దిండు మీద పడి ఉంది. నేను వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. ఎవరూ కోయలేదు, విప్పలేదు. జుట్టు మాత్రం అందులోంచి బయటికొచ్చేసింది.

పేలిక చేతిలోకి తీసుకున్నాను. దానికి తెల్లటి జిడ్డు అంటుకుని ఉంది. మాస్కులోంచి కూడా ఘాటు ముక్కు పగలగొట్టింది. అది కొబ్బరినూనె వాసన కాదు.

"పెద్దమ్మా, డబ్బా ఎట్ల మోసింది?"

"నెత్తి మీద బిడ్డా. మూత ఒదులై కారుతుండె. సుట్టబట్ట నానితే గట్టు మీదనే పారేసినం."

సుట్టబట్ట అంటే బరువు ఒత్తుకోకుండా తల మీద చుట్టి పెట్టుకునే గుడ్డ. ఇంటి నుంచి చేను దాకా మందు ఆ గుడ్డలోంచి జుట్టులోకి దిగుతూనే ఉందన్నమాట. మేం చేతికి విరుగుడు ఎక్కిస్తుంటే నెత్తి నుంచి విషం ఎక్కుతోంది.

"నెత్తి కడగకపోతే నీ కోడలు దక్కదు" అన్నాను. బుచ్చమ్మ కొడుక్కి ఫోన్ కొట్టింది. కలవలేదు. ఏడుస్తూ మళ్ళీ కొట్టింది, మళ్ళీ కలవలేదు. మంచం మీద ఒకర్తి పోతోంది, బస్సులో ఉన్నవాడు ఏమైపోతాడోనని ఈమె భయం. ఆ తల్లి పీక్కుపోయిన ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నేనైతే ఇంక ఆగదలచుకోలేదు, బకెట్ తెచ్చి చెంబు ముంచాను. ఆమె నా చేతిలోంచి చెంబు లాక్కుంది. అడ్డం పడుతుందనుకున్నాను. ఆ నీళ్ళు తన నెత్తి మీదే కుమ్మరించుకుంది.

"ఏమన్న అయ్యేదుంటె నాకే కానీ," అంది. "ఇగ దానికి పొయ్యి బిడ్డా."

పోశాను. కళ్ళలోకి పోకుండా తల వెనక్కి వాల్చి, సబ్బు పెట్టి రుద్దాను. మొదట పాలలాంటి నీళ్ళు కారాయి. చిక్కుపడిన జుట్టు కత్తిరించి పారేశాను. ఆ తర్వాత వేసిన సూదికి పద్మ తేరుకుంది, మళ్ళీ మునగలేదు. అంబులెన్సు వచ్చాక వనపర్తికి పంపాం. బతికింది. కొడుకు కూడా క్షేమంగా చేరాడు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందట.

కొన్నాళ్ళకు అత్తాకోడళ్ళు నన్ను చూడటానికి వచ్చారు. పద్మ జుట్టు మెడదాకా పెరిగింది. నేనేమీ అడగలేదు, తనే అంది.

"సిస్టరమ్మా, నువ్వు బిగిచ్చి కడుతుంటె మస్తు నొప్పి పుట్టింది. నా అవుతల పక్క కూసున్నామె మెల్లగ ఇప్పుతుండె. ఆమె ఎవరు? ఆమెకు గూడ దండం పెట్టి పోత."

పద్మ పడుకున్న మంచానికి అవతలి పక్క గోడ. చెయ్యి దూరే సందు కూడా లేదు. ఆమె ఇవాళ డ్యూటీలో లేదని చెప్పి పద్మను పంపేశాను.

ఆ పేలిక సంగతి డాక్టరమ్మకు చెప్తే, కంగారులో వదులుగా కట్టి ఉంటావు అంది. వదులుగా కట్టలేదు. అది నా చేతులకు తెలుసు. మిగతాది నాకు తెలియదు, ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ మంచం మీద ఎవరి జుట్టు విడిపోయినా ఇప్పుడు నేను కట్టను. ముందు వాసన చూస్తాను.