పెద్దమ్మ ప్రార్థనలో చదవలేకపోయిన చోటు

డిస్కు చెడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా దవాఖానలో ఊడ్చే అవ్వ. ఎనభైల చివరి మాట. అక్కడి ఆఫీసులో నేను కంప్యూటరు మీద టైపు చేసేదాన్ని.

"నీ మిషను లేస్తలేదు బిడ్డా. దుప్పటి గప్పి పండబెడితివి, ఇగ ఎట్ల లేస్తది?" అంది.

అవ్వ వేళాకోళంలో నిజం ఉంది. పత్తి రోజుల్లో వరంగల్ గాలి నిండా నూగే. మా ప్రార్థన గుడిలో హార్మోనియం మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పినట్టే కంప్యూటరు మీదా కప్పేదాన్ని, అది నడుస్తున్నప్పుడు కూడా. భక్తి అనుకున్నాను. లోపలి వేడి బయటికి పోయే దారి మూశానని తెలియదు. ఎన్ని నెలలు అలా ఉడికిందో.

దవాఖాన కాగితాలకు నకళ్లున్నాయి. నకలు లేనివి మా పెద్దమ్మ ప్రార్థనలు. నేను బడికి పోలేదు. మట్టెవాడ ఇంట్లో నాకు అక్షరాలు దిద్దించింది, ఇంగ్లీషు నేర్పింది ఆమే. వర్ధన్నపేట వైపు ఊళ్లు తిరిగి రోగుల మంచాల పక్కన మోకరించేది. తిరగలేని వయసు వచ్చాక సాయంత్రాలు ఆఫీసులో నా పక్కన కూర్చుని ఆ ప్రార్థనలు చెప్పేది. ఆ తెలుగునే నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. చివరి ప్రార్థన ఇంటివాళ్ల కోసం, ఒక్కొక్కరికీ విడిగా. నా వంతు వచ్చేసరికి ఏడుస్తూ టైపు చేశాను, మాటలు మనసుకు పట్టలేదు. తర్వాత చదువుకుందాంలే అనుకున్నాను. ప్రింటరు రిబ్బను ఎండిపోయి ఉంది. కొత్తది రాకముందే పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, ఆ వెంటే డిస్కూ చెడింది.

హనుమకొండలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒక సారు తన తల్లిని మా దవాఖానకు తెస్తుండేవారు. అడగగానే వచ్చారు. గుడ్డ తీసి, మడిచి, నా చేతికిచ్చారు. డిస్కు మీద ఇక ఏదీ రాయొద్దని మాత్రం చెప్పి, ఫ్లాపీతో మిషను లేపారు. ఫైలు తెరిస్తే, నా వంతు రావలసిన చోట మా బావ కోసం చేసిన ప్రార్థనే రెండోసారి వచ్చింది.

డిస్కు నుంచి చదివి తెచ్చే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారట. మా దాంట్లోది ఎవరో తొందరలో రాసింది. ఒక్కసారి చూసి, చదవలేకపోతే ఆ సంగతి దాచి, అంతకు ముందు చదివిన ముక్కనే మళ్లీ అందించేది. సారు నాలుగు సాయంత్రాలు కూర్చుని దాన్ని తిరగరాశారు. డిస్కు మీద కదులుతూ చదివే ముల్లును మొదటికంటా వెనక్కి లాగి మళ్లీ ఆ చోటికి పంపాలి. మధ్యలో చల్లారనివ్వాలి. ఒక్కో ముక్కనూ విడిగా అడగాలి. అయితే దానికీ ఒక హద్దుండాలన్నారు. అదేపనిగా గీకితే ఉన్నది కూడా పోతుందట.

దేవుని దయ, ప్రార్థనలన్నీ వచ్చాయి. ఒక్క ముక్క మాత్రం రాలేదు. ఐదువందల పన్నెండు ఇంగ్లీషు అక్షరాలు, అంటే ఆరేడు వరుసలు. ఆ చోటు చదవలేకపోయానని తెర మీద చెప్పి మిషను ఖాళీ వదిలింది. అది నా వంతు.

రెండోసారి వచ్చిన మాటలనే అక్కడ ఉంచమని బతిమాలాను. అవీ పెద్దమ్మ నోటి మాటలే కదా అన్నాను.

"అవి మీ బావవి అక్కా," అన్నారు సారు. "చదవరాకపోతే రాలేదని చెప్పాలె. ఉన్నట్టు చూపెడితే రేపు మీరే నమ్ముతరు."

ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. ఖాళీకి ముందు "తండ్రీ, ఇగ నా చిన్న బిడ్డ" అని ఉంది. తర్వాత "ఆమేన్" ఉంది. మధ్యలో ఆమె నాకోసం ఏమడిగిందో. మోకరించిన ప్రతిసారీ గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. ఆమె ఊపిరి తప్ప మాట రాదు. కానీ వేరే ఎవరికోసమో చెప్పిన మాటలను నావనుకుని బతకలేదు. ఆమె అడిగిందేదో అది ఆమెకూ దేవునికీ తెలుసు.

సారు తర్వాత బదిలీ అయి వెళ్లారు, ఎక్కడికో తెలియదు. చదివేవారు నా కోసం దేవుణ్ణి ఏమీ అడగక్కర్లేదు. లేనిదాన్ని లేదని నాకు చెప్పిన ఆ మనిషిని మీ ప్రార్థనలో ఒక్కసారి తలుచుకోండి.