గేరు పళ్లకు బొట్టు

చదువు ముగించి కొత్తగా పనిలో చేరిన ఆ రోజుల్లో మనిషికి తెలిసింది గోరంతే అయినా, దాన్ని లోకం మొత్తానికీ అతికించి చూడాలన్న ఉబలాటం మాత్రం కొండంత ఉంటుంది. నాకు తెలిసిందల్లా గేరు పళ్లు. పంటి మీద బరువు రెండు రకాలుగా పనిచేస్తుందని చదువుకున్నాను. ఒకటి, పన్నును వంచి మొదలంటా విరగ్గొట్టాలని చూసే వంపు ఒత్తిడి. రెండోది, పన్నూ పన్నూ ఆనుకున్న చోట పైపొర లేచి గుంటలు పడేలా చేసే తాకిడి ఒత్తిడి. ఇక మా ఊరు కంబదూరులో మా నాయన జొన్నరొట్టె నములుతున్నా సరే, ఏ పంటి మీద ఎంత పడుతోందా అని ఆయన దవడ వంకే చూసేదాన్ని. ("తినేటప్పుడు అట్ల చూడొద్దు పాపా, అరగదు" అని ఆయన పక్కకు తిరిగేవాడు.)

నేను చేరింది తాడిపత్రిలో, బండలు పాలిష్ చేసే మిషన్లకు గేర్లు కోసే ఒక చిన్న వర్క్‌షాపులో. యజమానిని అందరూ గ్రీజన్న అనేవారు. ఆయన చొక్కా చూస్తే కారణం అడగక్కర్లేదు. కొత్త మిషనుకు గేరు జత లెక్క మొదటిసారి నా చేతికిచ్చి, ఉన్నమాట ముఖమ్మీదే చెప్పాడు: "ఈ పళ్లు నిలిస్తే నువ్వు ఈడ ఇంజనీరువమ్మా. రాలితే మీ నాయనకు ఫోన్ చేస్తా, వచ్చి పిల్చుకపోతాడు." ఆడపిల్లకు ఇనుముతో పనేమిటని మా బంధువులంతా ఆ ఫోను కోసమే కాచుకుని ఉన్నారు. లెక్క చేశాను, కొట్టేశాను, మళ్లీ చేశాను. వంపూ తాకిడీ రెండూ హద్దులోనే ఉన్నాయని తేలాక గానీ నాకు అన్నం సయించలేదు.

మిషను కొన్నది ఒక అవ్వ. బండల ఫ్యాక్టరీ ఆమెదే. భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. మిషను మొదలుపెట్టే రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు అన్నీ అయ్యాక ఆమె ఒక గిన్నె పట్టుకుని గేర్ల దగ్గర కూర్చుంది. అందులో ఆముదంతో కలిపిన కుంకుమ. (ఉత్త కుంకుమ ఇనుముకు అంటదట.) పెద్ద చక్రానికి పంటికొక బొట్టు పెట్టసాగింది. బొట్టేమిటి, పూతే పూసింది. నేను దగ్గరికి పరుగెత్తాను.

"అవ్వా, పళ్ల మధ్యలో ఏమీ పడకూడదు!"

"ఏం పాపా, మాకు కూడు పెట్టే పళ్లు ఇవి. బొట్టు ల్యాకుండా తిప్పుతారా యాడన్నా?"

"ఆముదమే కదమ్మా, పళ్లకు మంచిదేలే" అని గ్రీజన్న నావైపు చూడకుండా నవ్వుకున్నాడు. శకునానికని అవ్వ చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పించింది.

అప్పుడు చూశాను. పెద్ద చక్రం కుంకుమ చిన్న చక్రం పళ్లకు అంటింది. కానీ పంటి వెడల్పంతా కాదు, ఒక మూలన, గోరు గిల్లినంత. (మామూలుగా పన్నూ పన్నూ ఎక్కడ ఆనుతున్నాయో చూడటానికి మేము నీలం రంగు పూసేవాళ్లం. ఆ డబ్బా ఎండిపోయిందని ఈసారి ఆ ముచ్చట మానేశాం.) నా లెక్కలో బరువు పంటి వెడల్పంతా పరుచుకుంటుంది. ఇక్కడేమో మొత్తం ఆ మూల మీదే పడబోతోంది. స్విచ్చి వేసి ఉంటే ఆ మూలలు వేయించిన శెనక్కాయ పొట్టులా రాలేవి, వాటి వెనకే నేనూ కంబదూరు బస్సెక్కేదాన్ని. నేను ఆ మూల చూపించగానే గ్రీజన్న బేరింగు విప్పి చూస్తే దాని కింద ఒక రాతి పలుకు ఇరుక్కుని, ఇరుసును ఒక పక్కకు వాల్చేసింది.

పలుకు తీసేశాం. సరిగ్గా ఆనుతున్నాయో లేదో మళ్లీ చూడాలంటే పళ్లన్నీ తుడవాలి. తుడిచి మళ్లీ పెడదామంటూ నేను గుడ్డ అందుకోగానే చుట్టూ ఉన్నవాళ్లు, "శుభమా అని పెట్టిన బొట్టు తుడుస్తారామ్మా?" అని అడ్డం పడ్డారు. గ్రీజన్న కూడా వెనకాడాడు. అవ్వ గిన్నె కింద పెట్టింది.

"నా బొట్టు తుడిసినప్పుడు నన్నెవురూ అడగల్యా. దీనికి మళ్లా పెడతామంటాంది కదా పాప. తుడవనీండి."

ధర అడిగినంత మామూలుగా అంది ఆ మాట. నేను పళ్లు తుడుస్తూ ఏడ్చాను. (ఆముదం కంట్లో పడిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.)

రెండోసారి పూసి తిప్పితే కుంకుమ పంటికి ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా అంటింది. సంతోషం పట్టలేక, నా వేలికున్న కుంకుమ తీసుకుపోయి అవ్వ నుదుట పెట్టేశాను. షెడ్డులో అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. అవ్వ పక్కన నిలబెట్టి ఉన్న నల్లటి పాలిష్ బండలో తన ముఖం చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత, "ఏమప్పా, అట్ల నిలబడినారు? స్విచ్చి ఎయ్యండి" అని గదమాయించింది. పళ్లు నిలిచాయి, నా ఉద్యోగమూ నిలిచింది. మేము బయల్దేరేదాకా అవ్వ ఆ బొట్టు తుడుచుకోలేదు.

ఇప్పుడు ఆ లెక్కలన్నీ కంప్యూటరే చేసిపెడుతోంది. నాకూ వయసుతోపాటు జాగ్రత్త వచ్చింది, దేనిమీద ఎంత బరువు పడుతుందో ముందే ఆలోచించడం అలవాటైంది. ఇప్పటి నేనైతే అవ్వ ఏమనుకుంటుందో, చూసేవాళ్లు ఏమంటారో అన్నీ లెక్కగట్టుకుని, ఆ వేలు గుడ్డకు తుడుచుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.