బండికి కౌల్ బిగించిన మరునాడు

సొంత ఇష్టంతో, పూర్తి స్పృహలో ఉండి, పెళ్లయిన ఏడాదిలోపే కట్టుకున్న భార్యకు బండి మీద చోటు లేకుండా చేసుకున్న మగవాణ్ని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. మొహమాటపడకుండా నవ్వుకోండి. ఆ రోజు గూడెం గూడెమంతా నవ్వింది, మీరొక్కరు ఆగితే నా పరువు తిరిగొస్తుందా?

అప్పటికి నేను మణుగూరు దగ్గర ఒక బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ని. నా భార్య సరళ పినపాక వైపు ఏఎన్ఎం. బుధవారం వచ్చిందంటే తారు రోడ్డు దిగి, అడవిలో నాలుగు కిలోమీటర్లు పోయి, ఒక గూడెంలో పిల్లలకు టీకాలు వేయాలి. నా వారపు సెలవు కూడా బుధవారమే కాబట్టి బండి మీద నేనే తీసుకుపోయేవాణ్ని. వెనక కూర్చుని ఆమె ఒక చేత్తో ఒళ్లోని టీకాల డబ్బాను, ఇంకో చేత్తో సీటు వెనకుండే ఇనుప కడ్డీని పట్టుకునేది. ఆ కడ్డీ ఎందుకుందో నేనెన్నడూ ఆలోచించలేదు. ఆలోచించే అలవాటే ఉంటే ఈ కథ ఎందుకుంటుంది?

ఒక మంగళవారం పనిమీద ఖమ్మం వెళ్లాను. బండ్ల సామాన్ల దుకాణంలో వేలాడుతూ కనిపించింది కౌల్. వెనక సీటు మీద మూతలా బిగించే ప్లాస్టిక్ మూపురం. ఎర్రగా, నున్నగా, పందెపుకోడి తోకలా పైకి లేచి ఉంది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"పెట్టించుకో అన్నా, బండి పులి లెక్క కొడ్తది," అన్నాడు దుకాణదారు. "కాకపోతే కడ్డీ ఉంటే ఇది కూసోదు. అది తీసేయాలె."

"తీసెయ్," అన్నాను, ఏదో పుండు కోయించుకుంటున్నంత ధైర్యంగా. పాత కడ్డీ అతనే తీసుకున్నాడు. నేను మాత్రం తెలివితక్కువవాణ్ని కాదండీ, అన్నీ విచారించాకే బిగించమన్నాను. ఎండకు రంగు పోతుందా? వానకు పగులుతుందా? స్టిక్కర్ అంటుతుందా? మూడు ప్రశ్నలు అడిగాను. నా భార్య ఎక్కడ కూర్చుంటుందన్న నాలుగోది మాత్రం నోటిదాకా రాలేదు.

ఇల్లు చేరాక ఆమె కంటపడకుండా బండికి కవర్ కప్పేశాను. తెల్లారి సరళ ఆసుపత్రి నుంచి టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని రాగానే కవర్ లాగి, పక్కకు జరిగి నిలబడ్డాను.

"ఇదేంది?"

"కౌల్."

"కౌలా? సీటును ఎవరికన్న కౌలుకిచ్చినవా?"

"అది కాదే, స్టైల్! రేసు బండ్లకు ఇట్లనే ఉంటది."

"అవ్, మంచిగనే ఉన్నది. నేనేడ కూసోవాలె?"

ఆ ప్రశ్న వినగానే నాకు గని పైకప్పు కూలినంత పనయింది. అయినా బింకం వదల్లేదు. "దాని మీదనే కూసో. గట్టి ప్లాస్టిక్."

ఆమెకు వాదించే తీరిక లేదు. అది మిరపకోతల కాలం. తొమ్మిది దాటితే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని కూలికి వెళ్లిపోతారు. డబ్బాలో మంచు కూడా మన కోసం ఆగదు. మారుమాట లేకుండా ఎక్కి కూర్చుంది. నేను గేరు వేశాను.

దారిపొడుగునా బండి అందం వర్ణిస్తూనే ఉన్నాను. "చూసినవా, అందరు మన దిక్కే చూస్తున్నరు!" సరళ ఒక్క మాట మాట్లాడలేదు. ముచ్చటపడి మూగబోయిందనుకున్నాను. నిజంగానే జనం చూస్తున్నారు. ఊరి చివర టిఫిన్ బండి యాదయ్య గరిటె ఎత్తి ఆపాడు.

"తమ్ముడూ, ఎవలతోని మాట్లాడుతున్నవ్? మా చెల్లె ఏది?"

వెనక్కి తిరిగాను. కౌల్ ఉంది, సరళ లేదు.

అదే వేగంతో వెనక్కి వచ్చాను. ఇంటి ముందే, నేను బయలుదేరిన చోటే నిలబడి ఉంది. బండి కదలగానే ఆ మూపురం మీద నుంచి జారి, రెండు కాళ్ల మీద నేల మీదికి దిగిందట. చెయ్యి అలవాటుగా కడ్డీ కోసం వెళ్లిందట, అక్కడ గాలి తప్ప ఏమీ లేదట. ఇంత జరిగినా భుజానున్న డబ్బా మాత్రం ఒరగలేదు. నేనైతే డబ్బాను, పరువును రెండింటినీ బోర్లా పడేసేవాణ్ని.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"లేదు. నువ్వు దిగు."

"ఎందుకు?"

"ఒక్కరి సీటు కదా. పనున్నోళ్లు ఎక్కాలె."

"నీకు స్కూటీ తప్ప గేర్ల బండి రాదు కదా!"

"పెండ్లికి ముందు వేంసూర్ల మా నాయన గేర్ల బండి నేనే నడుపుకుంట పొలానికి పోయేదాన్ని. నువ్వెన్నడన్న అడిగినవా?"

అన్నం గిన్నెల సంచి నా చేతికిచ్చి, చున్నీ నడుముకు బిగించి, బండెక్కి, నేను ఇసుక కనిపిస్తే రెండు కాళ్లూ దింపే వీధి చివరి మలుపును ఆమె కాలు ఆనించకుండా తిప్పేసింది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ దుమ్ములో ఆ ఎర్ర కౌల్ ఎంత బాగుందో చెప్పలేను. ముందున్న మనిషి ఇంకా బాగుంది.

నేను ఆటోలో అడవి మలుపుదాకా పోయి నడక మొదలుపెట్టాను. ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ తలెత్తింది.

"నర్సమ్మ ఇందాకనే బండి మీద పోయింది. నువ్వు ఆమె పెనిమిటివి కదా, నిన్నెందుకు దింపేసింది?"

"బండి మీద జాగా లేదమ్మా."

"పోయిన వారం ఉండె కదా?"

"ఉన్న జాగా తీసేయించిన."

"ఎందుకు?"

"స్టైల్ కోసమమ్మా," అన్నాను. ఆమె జాలిపడి గుప్పెడు ఇప్పపువ్వు చేతిలో పెట్టింది.

గూడెం చేరేసరికి బడి వరండాలో చివరి బిడ్డ వంతు నడుస్తోంది. ఒక్క తల్లి కూడా టీకా వేయించకుండా కూలికి పోలేదు. సరళ బిడ్డ తొడ మీద రెండు వేళ్లు ఆనించి, "అయిపాయె, అయిపాయె, మా బంగారం కదా," అంటూ సూది గుచ్చి తీసేసింది. బిడ్డకు ఏడుపు గుర్తొచ్చేలోపే పని అయిపోయింది. ఇన్ని వారాలు నేను బయట చెట్టు కింద కునుకు తీస్తూ, ఆమె పని ఒక్కసారి కూడా చూడలేదు. చెమటతో, దుమ్ముతో, చేతిలో ఇప్పపువ్వుతో నిలబడ్డ నన్ను చూసి మాత్రం ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఏడ్వబోతున్న బిడ్డ కూడా నవ్వింది.

తిరుగు ప్రయాణానికి సరళే సీటు కింది స్పానర్ తీసి కౌల్ విప్పేసింది. కింద అసలు సీటు చెక్కుచెదరకుండా ఉంది. ఆమె ముందు, నేను వెనక. ఒళ్లో ఎర్ర మూపురం. కడ్డీ లేదు. ప్రతి రాయి దగ్గరా నేను "అమ్మో" అంటున్నాను.

"సరళా, మెల్లగ పోనియ్! పట్టుకుంటానికి ఏం లేదు!"

ఆమె వెనక్కి తిరక్కుండానే అంది. "అవునా? అందుకేనేమో, కంపెనీ వాళ్లు ఆడ ఒక కడ్డీ పెడ్తరు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి పెట్రోలు ట్యాంకు మీద ఉంచి ప్రమాణం చేస్తున్నాను. వెనక కూర్చునే మనిషిని అడగకుండా ఇక ఈ జన్మలో ఆ బండికున్న ఒక్క నట్టు కూడా విప్పను. ఇంత కఠినమైన మాట ఎలా నిలబెట్టుకుంటావని అనుమానించకండి. బుధవారాల్లో వెనక కూర్చునేది ఇప్పుడు నేనే.