తోడు వేసిన లెక్క

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, పూజ ముగించి లేస్తుండగా ఫోను వచ్చింది. కోలారు పక్కన తమక అనే ఊళ్ళో కార్ఖానా షిఫ్టు దిగి, బస్సు కోసం ఎదురుచూస్తూ మా తమ్ముడు నిలబడినచోటే కూలిపోయాడట. ఆసుపత్రికి చేరకముందే గుండె ఆగిపోయింది. హారతి పళ్ళెం అప్పుడు నా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. నేనే పెంచాను. బంగారు గనిలో పనిచేసిన నాయన కూడా పోయాక రాబర్ట్‌సన్‌పేటలోని ఈ ఇంట్లో ఇద్దరమే మిగిలాం. వాడి కార్ఖానాలో కొవ్వునుంచి గ్లిజరిన్ తీస్తారు. మూసిన పెద్ద పాత్రలో కొవ్వునూ నీళ్ళనూ ఆవిరి ఒత్తిడితో గంటలకొద్దీ కాగిస్తే ఆమ్లం పైకి తేలుతుందనీ, తీపినీళ్ళు అడుగుకు దిగుతాయనీ, ఆ తీపినీళ్ళలోనే గ్లిజరిన్ ఉంటుందనీ వాడు చెప్పగా విన్నదే. ఏ గంటకు ఎంత కొవ్వు విడిపోతుందో పాత్ర తెరవకముందే చెప్పే సమీకరణం కోసం వాడు ఏళ్ళతరబడి కుస్తీ పట్టాడు. నోటుబుక్కు నిండా రెండేసి వరుసలు. లెక్క చెప్పింది ఒకటి, శాంపిల్ చూపింది ఒకటి.

ఆ కొవ్వు పశువులది. అందుకని నేనొక కట్టుబాటు పెట్టాను. పెరటి కొళాయి దగ్గర స్నానం చేశాకే వాడు ఇంట్లోకి రావాలి. దేవుడి గదిలోకి మాత్రం ఎప్పుడూ రాకూడదు.

"లెక్కకు వాసన ఉండదక్కా" అని నవ్వేవాడు. గడప బయట నిలబడే హారతి కళ్ళకద్దుకునేవాడు.

ఒక సాయంత్రం నేను పాలు చల్లారబెడుతుంటే, చెవిమీద పెన్సిలు పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"మొదటి గంట లెక్క తప్పుతా ఉండాదక్కా. నా సమీకరణం ఉరకతాది, కొవ్వు కదలదు."

"ఏంటికంట?"

"నీళ్ళల్లో కలవదు. రోంత విడిపోయినాకనే ఇంగ జోరందుకుంటాది. ఆ విడిపోయిందే మిగతాదాన్ని కలుపుతాది."

"దానికింత తల పట్టుకుంటావేమిరా? తోడు ఎయ్యకుండా పాలు తోడుకుంటాయా? నిన్నటి పెరుగు రోంత ఎయ్యాల గదా!"

వాడు నా చేతిలోని చెంచా వంకే చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు మా కార్ఖానాలో ఉండాల్సినదానివక్కా."

"ఛీ, ఆ కంపులోనా? పో, చేతులు కడుక్కో."

ఆ యేడు ఆయుధపూజకు నాయన గని టోపీని దేవుడి గదిలో పెట్టి బొట్టు పెడుతున్నాను. గడప అవతలనుంచి వాడు నోటుబుక్కు చాచాడు.

"ఇదీ పెట్టక్కా. నా ఆయుధం ఇదే."

"ఆ కొవ్వు పుస్తకమా? దేవునికాడనా?"

"నాయన గనిలో పేల్చిన మందు గ్లిజరిన్‌తో చేసిందే గదా. ఆ గ్లిజరిన్ యాడనుంచి వచ్చిందనుకుంటివి?"

"నాయన పనీ నీ పనీ ఒకటేనేమిరా?"

ఈసారి వాడు నవ్వలేదు. "కాదులే" అన్నాడు. పుస్తకం చొక్కా కింద దోపుకుని బయటికి పోయాడు. మళ్ళీ ఏ యేడూ అడగలేదు. మాట విన్నాడనుకున్నాను.

పదకొండో రోజు ముగిశాక, వాడితో పనిచేసినాయన ఆ నోటుబుక్కు తెచ్చిచ్చాడు.

"ఇప్పటికీ ఈ లెక్కతోనే నడుపుతా ఉండామమ్మా. పోయిన వాయిలో విడిపోయింది కొంచెం నిలిపి, కొత్త వాయిలో ఏస్తాము. దాన్ని తోడు అంటాము. ఆ పేరు సారు పెట్టిందే."

ఆయన వెళ్ళాక తెరిచాను. అంకెలు నాకు అర్థం కావు. కానీ ఒక పేజీలో రెండు వరుసలూ మొదటి గంట నుంచే దాదాపు ఒకటిగా ఉన్నాయి. అక్కడ సమీకరణం చివర ఒక కొత్త అక్షరం చేర్చి, పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు: "తోడు. అక్క చెప్పింది."

కింద తేదీ ఉంది. పుస్తకం దేవుడి దగ్గర పెట్టమని వాడు అడిగిన ఆ యేటి ఆయుధపూజకు ముందురోజుది.

ఇన్నేళ్ళ నా పూజలో, ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. ఇది చదివే మీ ఇళ్ళలోనూ గడప బయట నిలబడేవాళ్ళుంటే, వాళ్ళ చేతిలో ఏముందో చూడండి. అంతకన్నా చెప్పే యోగ్యత నాకు లేదు.

నోటుబుక్కును ఆ పేజీ దగ్గర తెరిచి, నాయన టోపీకి ఆనించి పెట్టాను. బొట్టు పెడితే, కొవ్వు పట్టిన కాగితం మీద కుంకుమ చుక్కగా నిలవలేదు, చుట్టూ పాకింది. గదినిండా వాడి కార్ఖానా వాసన.

కిటికీ తెరవలేదు.