చివరాకు

ఎచ్చెర్ల యూనివర్సిటీలో నాకు పరిశోధన నేర్పిన మేడమ్‌కి ఒక అలవాటుండేది. ఏ పెళ్లి భోజనానికెళ్లినా ముందుగా బంతి చివర కూర్చున్నవాళ్లని చూసేవారు. "సివరాకు కాడికి పప్పొచ్చిందేటి?" అని వడ్డించేవాళ్లని కేకేసేవారు. మాకు నవ్వొచ్చేది.

అప్పుడు మేం రామతీర్థం దగ్గర ఓ చిన్న ఊరికి సోలార్ కరెంటుని తక్కువ ఖర్చుతో ఎలా పంచాలో లెక్క కడుతున్నాం. మోటార్లు, పిండిమిల్లు ఎండవేళే నడవాలి, బ్యాటరీలో ఉన్నది రాత్రి దీపాలకి మిగలాలి. కంప్యూటర్ అన్నిటికన్నా చవకైన దారి చూపించగానే నేను ఎగిరి గంతేశాను. మేడమ్ మాత్రం తెర మీద వేలు పెట్టి ఊరి చివరిల్లు వెతికారు. అంతదూరం తీగ లాగడం దండగని లెక్క ఆ ఇంటిని వదిలేసింది.

"ఒకరింట్లో సీకటెట్టి సవక సేసావేటిరా? ముందు ఆ ఇంటికి దీపం ఎట్టు. ఆ తరవాత ఎంత తగ్గుతాదో సూడు."

అలాగే మళ్లీ లెక్క కట్టాం. ఖర్చు పెరిగింది. మిల్లు వేళలు మార్చి చూస్తే చాలావరకు దిగొచ్చింది.

దీపాలు వెలిగిన సాయంత్రం ఊరంతా మిల్లు దగ్గర చేరితే, మేడమ్ ఆ చివరింటి గుమ్మంలో నిలబడ్డారు. బల్బు వెలుగులో ఆ ఇంటి ముసలమ్మ ఆవిడ ముఖం తేరిపార చూసి, "ఎవులమ్మా నువ్వు?" అంది.

"సిన్నప్పుడు సివరాకు కాడ కూసుని పప్పు కోసం సూసినదాన్నమ్మా" అన్నారు మేడమ్.